గంటము మొదలు మౌసు వరకు: వ్రాయు చేతి చరిత్ర

వ్రాతకు చరిత్ర కలదు. లిపికి చరిత్ర కలదు. తాటియాకునకును, కాగితమునకును, అచ్చునకును పండితులు వేర్వేరుగా చరిత్రలు రచించియున్నారు. వ్రాసిన చేతి చరిత్రను తలచువారు మాత్రము అరుదు. గ్రంథము నిలుచును, దస్తావేజు నిలుచును. వానిని వ్రాయుటలో బిగిసిపోయిన మణికట్టును గాని, తిమ్మిరెక్కిన వ్రేళ్లను గాని ఏ దస్తావేజును చెప్పదు. ఐనను చేతివ్రాతయే జీవనాధారముగా గల మనవంటి ఉద్యోగి కుటుంబములకు ఈ చరిత్ర తెలిసికొనదగినది.

పూర్వము మన కార్యాలయములలో వ్రాయువారు వేరు, టైపు చేయువారు వేరు. నేడు ఆ భేదము దాదాపు పోయినది. ఫైళ్లు ఈ-ఆఫీసులోనికి చేరిన పిదప క్రింది తరగతి గుమాస్తా మొదలు పై అధికారి వరకు ఎవరి నోటు వారే కీబోర్డుపై వ్రాసికొనుచున్నారు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి టైపు పరీక్షలో గుమాస్తా పదవికి నిమిషమునకు 35 ఇంగ్లీషు మాటల వేగము కావలెను. అది గంటకు 10,500 మీటల నొక్కుళ్లతో సమానమని వారి లెక్క. పరీక్ష పది నిమిషములలో ముగియును. ఉద్యోగము ముప్పది యేండ్లు సాగును.

అట్టి చేతికి ఎట్టి కీబోర్డు తగును, ఎట్టి మౌసు తగును, వానిని ఎచ్చట ఉంచవలెను అను ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దాని వెనుక మూడు వందల యేండ్ల అనుభవము కలదు. ఆ అనుభవమును సంగ్రహముగా చెప్పవలెనన్న నిట్లుండును: యంత్రము మాఱినప్పుడెల్ల చేయి యంత్రమునకు లొంగవలసి వచ్చెను, యంత్రము చేతికి లొంగుట మాత్రము ఎవరో కొందఱు బాధపడిన తరువాతనే జరిగెను.

గంటము, కలము

మన కరణములు తాటియాకును ఎడమచేత పట్టి, కుడిచేతి గంటముతో అక్షరములు గీసెడివారు. గంటమునకు ఎడమ బొటనవ్రేలు ఆనికగా నుండెడిది. కొందఱు లేఖకులు ఆ వ్రేలి గోరు పెంచి, గంటము నిలుచుటకు దానిలో చిన్న గాడి చేసికొనెడివారు. కుడిచేయి గీయుచుండగా ఎడమచేయి ఆకును జరుపుచుండుటచే శ్రమ రెండు చేతులకును పంచబడెడిది. ఆకు చేతిలోనే యుండుటచే బల్ల యెత్తు అను సమస్యయే లేకుండెను. కాగితమును కలమును వచ్చిన పిదప ఆ శ్రమయంతయు కుడిచేతి మూడు వ్రేళ్లపై పడినది.

ఈ బాధను శాస్త్రదృష్టితో వర్ణించిన తొలివారిలో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని ముఖ్యుడు. ఆయన వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో మోడెనా నగరమున ఒక గ్రంథమును ప్రకటించెను. 1713లో దానిని పెంచి మరల ప్రకటించినప్పుడు లేఖరులను, గుమాస్తాలను గూర్చి ఒక అధ్యాయమును చేర్చెను. వారి బాధకు ఆయన చూపిన కారణములు మూడు: ఎడతెగక కూర్చుండుట, చేతిని విరామము లేక ఒకే తీరున కదలించుట, లెక్కలో పొరపాటు వచ్చి యజమానికి నష్టము కలుగునేమో యను మనోభారము. నేటి అకౌంట్సు శాఖ ఉద్యోగి ఈ మూడింటిని చదివినచో తన్ను గూర్చియే వ్రాసినట్లు భావించును.

రమజ్జీని తన యెఱుకలోని ఒక లేఖరి సంగతి కూడ తెలిపెను. అతని కుడిచేయి పూర్తిగా పడిపోగా, ఎడమచేత వ్రాయుట అభ్యసించెను. కొలది కాలమునకే ఆ చేతికిని అదే వ్యాధి సోకెను. చేయి మార్చుట మాత్రమే చికిత్స కాదనియు, పని జరుగు తీరునే మార్చవలెననియు ఈ కథ వలన తెలియుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున పక్షి ఈకల కలములు పోయి ఉక్కు పాళీలు వచ్చెను. ఇంగ్లండులోని ప్రభుత్వ గుమాస్తాలలో వ్రాత వలని చేతి పట్టువ్యాధి అధికమైనదని 1830 ప్రాంతమున వైద్యులు గమనించిరి. గట్టి ఉక్కు పాళీయే దీనికి కారణమని కొందఱు తలచిరి. క్రొత్త సాధనముపై నింద మోపుట ఆనాటినుండియు నున్నదే. అయితే కలముతో పాటు కార్యాలయములలో వ్రాత పరిమాణమును పెరిగినదన్న సంగతి మఱువరాదు.

తంతి మీట

తరువాత తంతి వచ్చెను. మోర్సు మీటను క్రిందికి నొక్కుట, విడుచుట, మరల నొక్కుట: దినమంతయు ఇదియే పని. 1870 దశకము నాటికే తంతి ఉద్యోగుల చేతి పట్టువ్యాధిని వైద్యులు వర్ణించిరి. 1908లో బ్రిటిషు ప్రభుత్వము ఈ వ్యాధిని నష్టపరిహారమునకు తగిన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చినది. చేతి బాధయు ఉద్యోగఫలమే యని ప్రభుత్వము చట్టపూర్వకముగా అంగీకరించుట విశేషము. మన దేశమున 2013 జూలైలో తంతి సేవ ముగిసినది. తంతి తపాలా శాఖలో జీవితము గడపిన తండ్రులు, తాతలు గల కుటుంబములు మన సంఘములలో అనేకము కలవు. వారి కుడిచేతి గట్టితనము వెనుక నీ చరిత్రయే యున్నది.

టైపుయంత్రము

అమెరికాలోని మిల్వాకీ నగరవాసి క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ తన మిత్రులతో గూడి 1868లో టైపుయంత్రమునకు పేటెంటు పొందెను. తుపాకులు, కుట్టుయంత్రములు చేయు రెమింగ్టన్ సంస్థ దానిని చేపట్టి 1874లో విపణికి తెచ్చినది. నేటికిని మన కీబోర్డుల పైవరుసలో నున్న క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అను అక్షరముల అమరిక ఆ యంత్రములతోనే రూపొంది, 1878 నాటి పేటెంటులో స్థిరపడినది.

ఈ అమరిక టైపిస్టుల వేగమును తగ్గించుటకే కల్పించిరను కథ లోకమున వ్యాపించియున్నది. అది ఋజువైన విషయము కాదు. లోపలి అచ్చుకడ్డీలు ఒకదానితో నొకటి చిక్కుకొనకుండుటకై కొన్ని అక్షరములను దూరము చేసిరని కొందఱందురు. తొలి వాడుకదారులైన తంతి ఉద్యోగుల సౌకర్యము ననుసరించి అమరిక మాఱినదని 2011లో జపానులోని క్యోటో పరిశోధకులు వాదించిరి. ఏది నిజమైనను ఒక్కటి స్పష్టము: పది వ్రేళ్లతో, మీటలను చూడకుండ టైపు చేయువాడు ఒకడు వచ్చునని ఆ అమరిక చేసినవారు ఎదురుచూచియుండలేదు.

అట్టివాడు 1888లో కనబడెను. ఆ సంవత్సరము జూలై 25వ తేదీన సిన్సినాటి నగరమున జరిగిన పోటీలో ఫ్రాంక్ మెగ్గరిన్ అను న్యాయస్థానపు శీఘ్రలిపికారుడు మీటలను చూడకయే టైపు చేసి, చూచి టైపు చేయు ప్రత్యర్థిని ఓడించెను. నాటినుండి చూపు కాగితముపై, వ్రేళ్లు మీటలపై నుంచు పద్ధతి లోకమంతట వ్యాపించెను. మన పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లు తరతరములుగా నేర్పినది ఆ విద్యయే. ఉద్యోగమునకై మద్రాసునకును, ఢిల్లీకిని, కలకత్తాకును బయలుదేరిన తెలుగు యువకులకు అదియొక పాథేయము. 1955లో గోద్రెజ్ సంస్థ స్వదేశమున టైపుయంత్రములను చేయ నారంభించినది. 2009లో ఆ తయారీ నిలిచిపోయినది.

అమరికను మార్చుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. అమెరికాలో ఆగస్ట్ డ్వోరాక్ అను ఆచార్యుడు ఇంగ్లీషులో తఱచుగా వచ్చు అక్షరములన్నియు నడిమి వరుసలో, అచ్చులు ఎడమచేతి క్రింద, ముఖ్యమైన హల్లులు కుడిచేతి క్రింద వచ్చునట్లు క్రొత్త అమరికను చేసి 1936లో పేటెంటు పొందెను. 1944లో అమెరికా నౌకాదళము జరిపిన పరీక్ష దానిని మెచ్చుకొనెను. కాని 1956లో ఆ దేశపు ప్రభుత్వ సేవాశాఖ పక్షమున జరిగిన పరీక్షలో, పాత టైపిస్టులకు మరల శిక్షణ నిచ్చుట లాభకరము కాదని తేలెను. చేతికి ఒకమాఱు అలవడినదానిని మాన్పించుట ఎంత కష్టమో ప్రభుత్వములు ఆనాడు గ్రహించినవి. కనుక అక్షరముల అమరిక నిలిచిపోయెను. పలక ఆకారమును మార్చు మార్గము మాత్రము మిగిలినది.

టైపుయంత్రమునకు ఒక మంచి గుణము కలదు. మీటలు బరువైనవి, దెబ్బ గట్టిగా కొట్టవలెను, అది నిజమే. కాని వరుస ముగిసినప్పుడు ఎడమచేయి లేచి బండిని వెనుకకు నెట్టవలెను. పుట ముగిసిన కాగితము తీసి, కార్బను పేర్చి, మరల ఎక్కింపవలెను. తప్పు పడినచో ఆగి చెఱపవలెను. ఈ అంతరాయములే చేతికి విశ్రాంతి. అంతేగాక టైపిస్టు బల్ల వ్రాతబల్ల కంటె రెండు మూడు అంగుళములు తక్కువ యెత్తున నుండెడిది. కంప్యూటరు వచ్చిన పిదప మీటలు తేలికయైనవి. కాని అంతరాయములు మాయమైనవి, పొట్టిబల్లయు మాయమైనది. వ్రాతబల్లపైననే కీబోర్డును పెట్టి, భుజములు పైకెత్తి పనిచేయుట అలవాటయ్యెను.

ఫలితము శీఘ్రముగనే కనబడెను. ఆస్ట్రేలియాలో 1980 దశకపు పూర్వార్ధమున టైపిస్టులు, టెలిఫోను ఉద్యోగులు, ప్రభుత్వ కార్యాలయముల వారు వేల సంఖ్యలో చేతుల బాధను ఫిర్యాదు చేసిరి. కొంతకాలమునకు ఆ ఫిర్యాదులు తగ్గిపోయినవి. అది శరీరపు గాయమా, మనస్సులోని కలతయా, నష్టపరిహారపు ఆశయా అని వైద్యులును న్యాయవాదులును చిరకాలము వాదించిరి. ఎక్సురేలో కనబడని నొప్పిని లోకము సులభముగా నమ్మదు. కాని రమజ్జీని చెప్పిన మూడు కారణములలో మనోభారమును ఒకటియని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ వివాదము కొంత చల్లారును. దేహమును మనస్సును వేఱుచేసి, ఒకదానిని నిజమనియు రెండవదానిని అబద్ధమనియు తీర్పు చెప్పుట బాధితునకు న్యాయము కాదు.

విడదీసిన పలక

సామాన్యమైన కీబోర్డుపై చేతులుంచినప్పుడు మణికట్లు వెలుపలి దిక్కునకు వంగును, అరచేతులు పూర్తిగా బోర్లబడును, ముంజేతులు మెలితిరుగును. ఈ లోపమును టైపుయంత్రము కాలముననే కొందఱు కనిపెట్టిరి. 1915లోనే హైడ్నర్ అను నాతడు మీటల పలకను రెండుగా విడదీసిన యంత్రమునకు అమెరికాలో పేటెంటు పొందెను. 1926లో జర్మనీలో క్లోకెన్‌బర్గ్ తన గ్రంథమున పలకను రెండు భాగములు చేసి ఇరుప్రక్కలకు వాల్చవలెనని సకారణముగా నిరూపించెను. 1972లో క్రోమర్ అను పరిశోధకుడు అదే భావమును ప్రయోగములతో బలపఱచెను. 1970 దశకముననే ఇంగ్లండులో టైపు శిక్షకురాలైన లిలియన్ మాల్ట్ వ్రేళ్ల పొడవులకు తగినట్లు గుంటలు గల పలకను రూపొందించుటలో పాల్గొనెను. అయినను సామాన్యుల చేతికి ఈ భావము చేరినది 1994లో మైక్రోసాఫ్ట్ సంస్థ నాచురల్ కీబోర్డు అను పేరుతో విపణికి తెచ్చినప్పుడే. తొలి పేటెంటునకును దీనికిని నడుమ దాదాపు ఎనుబది సంవత్సరములు!

అది నిజముగా మేలు చేయునా? 1999లో ప్రకటితమైన ఒక పరిశోధనలో చేతిబాధ గల ఎనుబది మంది కంప్యూటరు ఉద్యోగులకు వేర్వేరు పలకల నిచ్చి ఆరు నెలలు పరిశీలించిరి. ఆ విధమైన విడదీసిన పలక నుపయోగించినవారికి నొప్పి కొంత తగ్గినది. కాని నెలలు గడచిన తరువాతనే ఆ గుణము కనబడినది. ఒక్క వారములో కాదు. క్రొత్త పలక కొని పది దినములలో విసిగి మూలబెట్టువారు ఈ సంగతి గ్రహింపవలెను.

మౌసు

1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన ఒక సాధనమును ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ కొయ్యతో చేసెను. క్రింద ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములు. పైన ఒక మీట. వెనుక తోకవలె తీగ. దానికి మౌసు అను పేరు పడినది. 1968 డిసెంబరు 9వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని సభాముఖమున ప్రదర్శించెను. 1970లో పేటెంటు లభించెను.

ఈ కథలో రెండు సంగతులు మనకు ముఖ్యములు. ఎంగెల్‌బార్ట్ ఆలోచనలో మౌసు ఒంటరి సాధనము కాదు. కుడిచేత మౌసు, ఎడమచేత అయిదు మీటల చిన్న పలక యుండవలెను. ఆ అయిదు మీటలను కలిపి నొక్కి అక్షరములను వ్రాయవలెను. అప్పుడు కుడిచేయి మాటిమాటికి మౌసు విడిచి కీబోర్డుకు పరుగెత్త నక్కఱ లేదు. లోకము మౌసును స్వీకరించి, ఎడమచేతి పలకను విడిచిపెట్టినది. కుడిచేతి పరుగు మిగిలిపోయినది.

రెండవ సంగతి: 1967లో ప్రకటించిన పరీక్షలో వారు మౌసును, కాంతికలమును, పిడికట్టను, మోకాలితో కదలించు సాధనమును సైతము పోల్చి చూచిరి. వేగమునందలి భేదము నిర్ణాయకము కాదని వారు తేల్చిరి. ఆ సాధనమును చేయి ఎంత సులభముగా అందుకొనగలదు, ఆ భంగిమలో ఎంత అలసట కలుగును అనునవియే ప్రధానములని వారి అభిప్రాయము. మౌసును పుట్టించినవారే ఈ మాట చెప్పిరి.

1981లో జిరాక్స్ స్టార్, 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్ కంప్యూటర్లతో మౌసు విపణికి వచ్చెను. అదే దశకపు మధ్యభాగమున ఐబీఎం సంస్థ 101 మీటల కీబోర్డును ప్రవేశపెట్టగా అదియే లోకమునకు నమూనా అయ్యెను. దానిలో అంకెల మీటల గుంపు కుడివైపు చేరినది. మౌసు దానికి ఆవల చేరినది. ఒకరు మీటలను చేసిరి, ఒకరు మౌసును చేసిరి. రెండింటి నడుమ చేయి ఎంత దూరము చాచవలెనో చూచినవారు లేరు. కుడిభుజము నొప్పి అని చెప్పు ఉద్యోగి బల్లను చూచినచో చాలవఱకు కారణము అచ్చటనే కనబడును.

1990 మే 29వ తేదీన ఐరోపా దేశముల సమాఖ్య తెరముందు పనిచేయువారిని గూర్చి ఒక ఆదేశము నిచ్చెను. కీబోర్డు తెరనుండి వేఱుగా నుండవలెను; దానిని వాల్చుటకు వీలుండవలెను; దాని ముందు చేతులు ఆనించుటకు చాలినంత స్థలముండవలెను; మీటలపై వెలుగు మెఱయరాదు అని అందు విధించిరి. తంతి ఉద్యోగికి బాధ కలిగిన పిదప 1908లో పరిహారము వచ్చినది. బాధ కలుగకముందే బల్లను సరిచేయవలెనను నియమము వచ్చుటకు మఱి ఎనుబది యేండ్లు పట్టినది.

మన లిపి, మన వ్రేళ్లు

తెలుగు వ్రాయువారికి ఇందు ప్రత్యేకమైన అధ్యాయము కలదు. టైపుయంత్రముపై నలుబది పైచిలుకు మీటలు, ఒక్కొక్కదానికి రెండేసి రూపములు. ఆ కొలదిపాటి స్థలమున మన గుణింతములను, వత్తులను ఇముడ్చుటకు లిపిని ముక్కలు చేయవలసి వచ్చెను. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చిన తరువాత తెలుగు టైపిస్టులు ఆ ముక్కలను కూర్చుచునే ఉత్తరువులు వ్రాసిరి. వారి నేర్పు కొనియాడదగినది.

కంప్యూటరు వచ్చినప్పుడు ఒక అరుదైన అవకాశము లభించినది. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అను అమరికను ప్రమాణముగా ప్రకటించెను. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన లిపిసంకేతములలోను దానికి స్థానము లభించినది. బ్రాహ్మీలిపి సంతతికి చెందిన మన లిపులన్నింటికిని ఒకే అమరిక. గుణింతపు గుర్తులు ఎడమచేతి క్రింద, హల్లులలో అధికభాగము కుడిచేతి క్రింద నున్నవి. మన అక్షరము హల్లు, అచ్చుల కూర్పు గనుక చేతులు వంతులవారీగా కదలును. ఇంగ్లీషునకు డ్వోరాక్ కోరినది మన లిపి స్వభావము వలననే మనకు సిద్ధించినది.

పాఠకులు పరీక్షించి చూడవచ్చును. ‘తెలుగు’ అను మాటను ఇన్‌స్క్రిప్టులో వ్రాసినచో తకారము కుడిచేయి, ఎత్వము ఎడమచేయి, లకారము కుడి, కొమ్ము ఎడమ, గకారము కుడి, కొమ్ము ఎడమ. ఆరు నొక్కుళ్లలో ఒక్కమాఱును చేయి తడబడదు. సున్నతో ‘రాష్ట్రం’ అని వ్రాసినను ఎనిమిది నొక్కుళ్లును కుడి, ఎడమ, కుడి, ఎడమ అనుచు సాగును. ‘కమల’ అనుటకు మూడే మీటలు. రోమను లిపిలో కొట్టి తెలుగు తెప్పించువారికి ఆఱు మీటలు కావలెను. దినమున వేలకొలది నొక్కుళ్లలో ఈ లాభము స్వల్పము కాదు.

లోపమును లేకపోలేదు. మకార, నకార, వకారములు ఎడమచేతి క్రింది వరుసలోనే యున్నవి. కనుక కార్యాలయమున నిత్యము వ్రాయు ‘మనవి’ అను మాట నాలుగు నొక్కుళ్లును ఎడమచేతిపైననే పడును. ఒత్తక్షరములకు షిఫ్టు మీట నొక్కవలసి యుండుటచే చిటికెనవ్రేలికి పని యెక్కువ. ఏ అమరికయు సర్వగుణసంపన్నము కాదు. తెలుగు ఎక్కువగా వ్రాయువారు ఒకటి రెండు మాసములు ఓపికతో ఇన్‌స్క్రిప్టు నేర్చుకొనుట మేలు. ఎప్పుడో నాలుగు మాటలు వ్రాయువారికి ఆ శ్రమ అనవసరము.

ఎన్నుకొను విధము

ఈ చరిత్ర నుండి నేటి గృహస్థుడును, ఉద్యోగియు గ్రహింపవలసిన నియమములు కొన్ని కలవు.

మొదటిది: వస్తువు కంటె దాని యెత్తు ముఖ్యము. భుజములు వదులుగా విడిచి, మోచేతులు లంబకోణముగా వంచినప్పుడు చేతులు ఎచ్చట నిలుచునో కీబోర్డు అచ్చట నుండవలెను. బల్లను తగ్గింప వీలులేనిచో కుర్చీని పెంచి, పాదముల క్రింద పీటయో, చెక్కయో వేసికొనవలెను. కీబోర్డు వెనుక నుండు చిన్న కాళ్లను ముడిచిపెట్టవలెను. అవి నిలిచినచో మణికట్టు వెనుకకు వంగును. వీనికి పైకము కర్చు కాదు.

రెండవది: అక్షరముల నడిమిభాగము శరీరపు నడిమికి ఎదురుగా నుండవలెను. అంకెల పని లేనివారు అంకెల గుంపు లేని పలకను ఎన్నుకొనవలెను. పెద్దపలక ఇంచుమించు పదునేడు అంగుళములుండగా, ఇది పదునాలుగు అంగుళములు మాత్రమే. ఆ మూడు అంగుళములును మౌసు దగ్గఱకు చేరుటకు ఉపయోగపడును. అంకెల పని గల అకౌంట్సు వారు అంకెల పలకను విడిగా కొని ఎడమవైపు ఉంచుకొనవచ్చును.

మూడవది: మౌసు కీబోర్డుతో సమానమైన యెత్తున, దాని ప్రక్కనే యుండవలెను. అరచేతికి నిండుగా నున్నదానిని పట్టి చూచి కొనవలెను; పెద్దచేతికి చిన్న మౌసు ఇచ్చినచో వ్రేళ్లు ముడుచుకొనును. మణికట్టును బల్లపై నొక్కిపెట్టి వ్రేళ్లతో త్రిప్పక, ముంజేయినంతటిని కదలించుట మంచిది. అరచేతిని ప్రక్కకు నిలుపు మౌసులును కలవు. ముంజేతికి ఊతమిచ్చి, అట్టి మౌసు నుపయోగించిన ఉద్యోగులలో మెడ, భుజముల బాధ తగ్గవచ్చునని కాక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షలో తెలిపెను. 2003లో ప్రకటితమైన డెన్మార్కు పరిశోధనలో కీబోర్డు కంటె మౌసు విషయముననే జాగ్రత్త అవసరమని తోచినది. వారమునకు ఇరువది గంటలకు మించి మౌసు పట్టువారిలో నరపు నొక్కుడు లక్షణములు కొంత అధికముగా కనబడెను. అయితే సామాన్యముగా కంప్యూటరు పని వలన ఆ వ్యాధి విశేషముగా వచ్చునని ఆ పరిశోధకులు చెప్పలేదు. కనుక భయపడ నక్కఱ లేదు, అజాగ్రత్తయు తగదు.

నాల్గవది: టైపుయంత్రము బలవంతముగా ఇచ్చిన విశ్రాంతిని నేడు మనమే కల్పించుకొనవలెను. అరగంట కొకమాఱు లేచి, చేతులు విదిలించి, కొన్ని అడుగులు నడచుట చాలును. ఎడమచేత మౌసు పట్టుట నేర్చుకొనుట మేలే. కాని విశ్రాంతి లేక చేయి మార్చిన లేఖరి గతిని మఱువరాదు. రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి నిద్ర మేల్కొలిపినచో క్రొత్త మౌసు కొనుట మాని వైద్యుని చూడవలెను.

ఇంటిలో పిల్లలు ల్యాప్‌టాపును మంచముపై పెట్టుకొని గంటల తరబడి వంగి చదువుచున్నారు. ల్యాప్‌టాపునందు తెరయు మీటలును అంటియే యుండుటచే ఒకటి కంటికి సరిపడిన రెండవది చేతికి సరిపడదు. దాని క్రింద నాలుగు లావుపాటి పుస్తకములు పేర్చి తెర నెత్తు చేసి, విడి కీబోర్డును, మౌసును తగిలించుట తలిదండ్రులు చేయగల చిన్న యుపకారము.

ముగింపు

గంటమునకు గోటిలో గాడి చేసికొన్న లేఖకుడు తన పనిముట్టును తన చేతికి తానే అమర్చుకొనెను. తంతి గుమాస్తాకు ఆ స్వేచ్ఛ లేదు. సర్కారు ఇచ్చిన మీటనే నొక్కెను. నేటి ఉద్యోగి స్థితి ఈ రెంటికిని నడుమ నున్నది. కార్యాలయము ఇచ్చునది అందఱికిని ఒక్కటే కీబోర్డు. ఒకే కొలత బల్ల. చేతులు మాత్రము ఒకే కొలత కావు. కనుక తమ బల్లను తామే సరిచేసికొనుట ఉద్యోగుల వంతు. అందుకు వలయు పీటను, పలకను అడిగినప్పుడు దానిని విలాసమని త్రోసివేయకుండుట అధికారుల వంతు. చేతి నొప్పిని చెప్పుకొన్న సహోద్యోగిని సోమరియని ఎంచకుండుట మనయందఱి వంతు.

రమజ్జీని నాటి లేఖరికి రెండవచేయి కూడ పోయిన పిదప దారి లేకపోయెను. మనకు మూడు శతాబ్దముల అనుభవము తోడుగా నున్నది. పదవీవిరమణ దినమున పుష్పహారముతో పాటు, మనుమలకు అక్షరములు దిద్దించుటకు తగిన ఆరోగ్యవంతమైన చేతిని గూడ ఇంటికి తీసికొని పోగలుగుటయే ఆ అనుభవమునకు తగిన ఫలము.